దొంగ చేతి కొబ్బరికాయ

"ఆ బట్టలు తాడు మీంచి తియ్యమని ఎవులికి సెప్పాలి నాను? గోడకా?"

గురువమ్మ అరుపుకి వీధిలో కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. ఇంట్లోంచి మాత్రం ఎవరూ పలకలేదు.

తాడు మీద తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు ఉన్నాయి. చొక్కా భుజాల మీద నల్ల పట్టీలు, వాటి మీద బంగారు గీతలు. కోడలి తమ్ముడు వాసుని పోలీసులు పట్టుకున్న రోజు పొద్దున్న గురువమ్మే వాటిని నీలిమందు పెట్టి ఉతికి, వీధిలో పోయేవాళ్ళకి కనబడేలా ఆరేసింది. ఇప్పుడు వాటిని ముట్టుకుంటే నేరం తమకీ అంటుతుందన్నట్టు ఇంటిల్లిపాదీ తాడు కింద నుంచి వంగి వెళ్తున్నారు.

చివరికి కోడలు అనూరాధే వచ్చింది. బట్టలు లాగి, అలవాటు కొద్దీ చొక్కా చేతులు వెనక్కి మడిచి, కాలరు సరిచేసింది.

"మడతలెడతన్నావేటే? మళ్ళీ ఏసుకుని ఎల్తాడా నీ తమ్ముడు?"

అనూరాధ చేతులు ఆగిపోయాయి. బట్టల్ని అలాగే ఉండచుట్టి చంకలో పెట్టుకుంది. అత్త మొహం చూడలేకపోయింది.

గురువమ్మ హార్బరుకి వెళ్ళడం మానేసింది. కొడుకు పెళ్ళిలో కూడా పొద్దున్న చేపలమ్మి మధ్యాహ్నం పీటల దగ్గరికొచ్చిన మనిషి. అలాంటిది, పేపరు జిల్లా పేజీలో వాసు ఫొటో పడిన దగ్గర్నుంచీ గంప ఎత్తలేదు. ఏ మొహంతో ఎత్తుతుంది? ఇన్నాళ్ళూ బేరానికొచ్చిన ప్రతివాళ్ళకీ, చేప పొలుసు తీస్తూ, "మా కోడలి తమ్ముడు నేవీలో ఆఫీసరమ్మా" అని చెప్పిన మనిషే కదా. అడిగినవాళ్ళకీ చెప్పింది, అడగనివాళ్ళకీ చెప్పింది.

నిజానికి వాసు చేసేది ఒక క్యాటరింగ్ కాంట్రాక్టరు దగ్గర వడ్డన పని. విందుల్లో ఆఫీసర్లకి ప్లేట్లు అందిస్తూ వాళ్ళ నడక పట్టేశాడు, వాళ్ళ ఇంగ్లీషు పట్టేశాడు, ఆఖరికి నవ్వేటప్పుడు గడ్డం పైకెత్తడం కూడా పట్టేశాడు. పాతూళ్ళో ఒక దర్జీ చేత రెండు జతల తెల్ల బట్టలు కుట్టించుకుని, ఒక జత అక్క ఇంట్లో ఉంచాడు. ఒక ఏడాది దర్జాగా వెలిగాడు. దువ్వాడలో ఒక పెళ్ళికి రెండో జత వేసుకుని వెళ్ళి, నిజం నావికుడొకడు "ఏ షిప్పు బ్రదర్?" అని అడిగితే తడబడ్డాడు. అక్కడితో అయిపోయింది. పోలీసులు కేసు రాసి, బెయిలు మీద వదిలారు. వేరే దిక్కులేక అక్క ఇంటికొచ్చి, లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"తిండి పెట్టేవా ఆడికి?" అంది గురువమ్మ.

"పెట్టాను. తినలేదు అత్తా."

"తినడు. మనం తినేలా సేసేడా?" అని, మళ్ళీ ఆవిడే, "సారు ఏడి సేసి ఇవ్వు. సల్లారిపోతే ఆడు ముట్టడు" అంది.

*

భోజనాల వేళ దాటగానే కామేశ్వరి వచ్చింది. వెనకాల ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు. చేతుల్లో ఎండుచేపల చేటలు. రోజూ వచ్చే వేళే, రోజూ కూర్చునే అరుగే.

ఆ అరుగు సంగతి పేటంతటికీ తెలుసు. అనూరాధ ఇంటరు దాకా చదివింది. వారపత్రికలో 'టోపీవాలాలు' అని నిజంగా జరిగిన మోసగాళ్ళ కథలు వస్తుంటాయి. దొంగ డాక్టరు, దొంగ స్వామి, దొంగ కలెక్టరు. అనూరాధ చదువుతుంటే ఆడవాళ్ళు ఎండుచేపలు ఏరుతూ వినేవాళ్ళు. ఆమె ఊరికే చదివేది కాదు. దొంగ కలెక్టరు వస్తే కలెక్టరు గొంతు పెట్టేది, దొంగ స్వామి వస్తే కళ్ళు అరమూసేది. ఎండుచేపలు చేటలోనే ఉండిపోయేవి.

అందరికంటే ముందు కూర్చునేది గురువమ్మ. అందరికంటే గట్టిగా తీర్పు చెప్పేదీ ఆవిడే. "మోసం సేసినోడిది తప్పు కాదొలే, మోసపోయినోళ్ళది. ఇంట్లో తిని తిరిగీవోణ్ణి పోల్సుకోనేరా? ఆళ్ళకి కళ్ళు నేవా?" అనేది. అందరూ పగలబడి నవ్వేవారు. అనూరాధా నవ్వేది.

"ఏటి వదినా, ఈ వారం సదువు నేదా?" కామేశ్వరి గుమ్మంలో నిలబడి పత్రిక చూపించింది. ఎప్పుడూ కొనని మనిషి, ఈసారి తనే కొని తెచ్చింది. పరామర్శకి వచ్చేవాళ్ళు అరటిపళ్ళు తెచ్చినట్టు.

గురువమ్మ చాప చుట్టి మూల పెట్టేసింది.

"సదువు నేకపోతే పోనీలే. కూకుంటాం" అని కామేశ్వరి కింద కూలబడింది. మిగతా ముగ్గురూ కూలబడ్డారు. చేటల్లో ఎండుచేపలు ఏరడం మొదలెట్టారు.

"అది కాదు అనూరాధమ్మా, నాకు తెలక అడుగుతన్నాను. మీ వాసు నిజంగా ఓడ లోపలికి కూడా ఎల్లొచ్చేడంట గదా?" అంది కామేశ్వరి.

"ఎవరు చెప్పారు?"

"పేటంతా అనుకుంటన్నారు. గేటు కాడ తుపాకీ అట్టుకున్నోడు ఆడికి సెల్యూట్ కొట్టేడంట! ఒలమ్మ ఒలమ్మ! మా ఇంటికి ఓపాలి వస్తే నాను కుర్సీ తుడిసి ఏసేను. మా ఆయన లుంగీ దించుకుని లెగిసి నిలబడ్డాడు. తలుసుకుంటే సిగ్గొస్తాది, నవ్వొస్తాది."

ముగ్గురూ నవ్వారు. అందులో చెడ్డతనం ఏమీ లేదు. ఇన్నాళ్ళూ కాగితం మీద విన్న కథ తమ వీధిలోనే జరిగిందని, తామూ అందులో ఒక కుర్చీ తుడిచామని, వాళ్ళకదో సంబరం. ఒకామె చేట పక్కన పెట్టి ముందుకు జరిగింది కూడా.

వాళ్ళ కళ్ళలో ఆ మెరుపు చూసి అనూరాధకి ఒళ్ళంతా సిగ్గుతో ముడుచుకుపోయింది. అన్నేళ్ళు చదివిన కథల్లో మోసపోయిన ఇల్లు ఒక్క వాక్యంలో అయిపోయేది. 'కుటుంబ సభ్యులు లబోదిబోమన్నారు.' అంతే. ఆ ఇంట్లో తర్వాత పొద్దున్న పొయ్యి ఎవరు వెలిగించారో, వీధి కుళాయి దగ్గరికి బిందె పట్టుకుని ఎవరు వెళ్ళారో ఎవరూ రాయలేదు. ఆమె కూడా ఏనాడూ అనుకోలేదు.

"లెగండి" అంది గురువమ్మ.

"ఏటొదినా, మేవేటన్నావని..."

"మీరేటీ అన్నేదు. నాను ఇన్నాళ్ళూ అన్నానే, ఆ మాటలే నాకు తగుల్తన్నాయి. లెగండి. ఎల్లండి."

వాళ్ళు చేటలెత్తుకుని వెళ్ళిపోయారు. కామేశ్వరి పత్రిక అరుగు మీదే వదిలేసింది. గురువమ్మ దాన్ని తీసి, కాసేపు బొమ్మలవైపు చూసి, పొయ్యిలో పెట్టింది.

*

అనూరాధ మొగుడు సూరన్న మధ్యాహ్నం మూడు దాటాక వచ్చాడు. కాళ్ళు కడుక్కోకుండానే గుమ్మంలో కూర్చున్నాడు.

"ఏటన్నాడ్రా మీ మావయ్య?" గురువమ్మ అడిగింది.

"ఒప్పుకున్నాడు."

దాలయ్య పేటకి పెద్ద, సూరన్నకి మేనమామ. పేటలో కొత్త బోటు నీళ్ళలోకి దించేటప్పుడు గంగమ్మకి మొదటి కొబ్బరికాయ మేనమామే కొడతాడు. తాతల నాటి నుంచీ అంతే. కానీ ఈ ఏడు ఉగాదికి సూరన్న తన కొత్త ఫైబరు బోటు దించినప్పుడు ఆ కాయ దాలయ్య చేతిలోంచి తీసి వాసు చేతిలో పెట్టాడు. తెల్ల బట్టల్లో నేవీ ఆఫీసరు తన బోటుకి కొబ్బరికాయ కొడుతుంటే పేటంతా చూడాలని ముచ్చటపడ్డాడు. ఫొటోగ్రాఫర్ని కూడా పిలిచాడు. దాలయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, విందుకి ఉండకుండా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఇంజను నడిసముద్రంలో ఆగింది. కొత్త వల రాళ్ళకి చిక్కి చీలింది. బోటులో పనిచేసే కామరాజుకి తాడు కోసుకుని కాలు వాచింది. మామూలప్పుడైతే ఇవన్నీ సముద్రంలో ఉండేవే. కానీ కాయ కొట్టినవాడు దొంగ అని పేపర్లో పడ్డాక బోటెక్కేవాళ్ళకి అవి మామూలుగా కనబడలేదు. కామరాజూ, మిగతా ఇద్దరూ ఇంక ఎక్కం అని చెప్పేశారు. బోటు ఒడ్డునే ఉంది.

"ఎలగ ఒప్పుకున్నాడు?" గురువమ్మ గొంతులో ప్రాణం వచ్చింది.

"తెలక సేసిన తప్పుకి గంగమ్మ సెమిస్తాది అన్నాడు. పొద్దుగూకే లోపల నాను నీళ్ళలో నిలబడి, బోటు మీద సెయ్యేసి, ఆడు దొంగని మా ఇంట్లో ఎవులికీ తెల్దు అని ఒట్టెయ్యాల. అప్పుడు మావయ్యే మళ్ళీ కాయ కొడతాడు. రేపే ఏటకి ఎల్లిపోవచ్చు."

"తెలిసుంటేనో?" అంది అనూరాధ. ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

సూరన్న ఆమె వైపు చూడలేదు. కాలి ఇసక దులుపుకుంటున్నాడు.

"తెలిసి సేసిన ఇంటి బోటు ఎవులూ ఎక్కరు. ఒడ్డున ఎండిపోవాల్సిందే. ఆ గొడవ మనకెందుకు? మనకి తెల్దు గదా."

అడగలేదు. చెప్పాడు. గురువమ్మ అప్పటికే లేచి దేవుడి పటం దగ్గర పసుపు కోసం వెతుకుతోంది. ఆ ఇంట్లో ఎన్నో రోజుల తర్వాత ఒక మనిషి చురుగ్గా కదలడం అదే.

"మంచినీళ్ళియ్యే" అన్నాడు సూరన్న.

ఆమె చెంబు అందించింది. అతను చెంబు పట్టుకున్నాడు, ఆమె వేళ్ళు కూడా కలిపి పట్టుకున్నాడు, ఒక్క క్షణం. వెంటనే వదిలేశాడు.

*

"వాసూ. లే."

వాసు లేచి కూర్చున్నాడు. పెరిగిన గడ్డంతో, పాత బనీనుతో, ఎవరో పక్కింటి కుర్రాడిలా ఉన్నాడు. ఆ తెల్ల బట్టలు లేకపోతే వీడి భుజాలు ఇంత సన్నమా అనిపించింది ఆమెకి.

"మీ బావ ఒట్టేస్తాడంట. ఇంట్లో ఎవరికీ తెలీదని."

"విన్నానక్కా."

"నాకు తెలుసు కదరా."

వాసు తల దించుకున్నాడు. "నువ్వు సెప్పకపోతే ఎవులికీ తెల్దు."

"సముద్రం మీద తిరిగే మనిషి. నీళ్ళలో నిలబడి ఒట్టేస్తే, అది అబద్ధమైతే?"

"ఆయనకి తెలక ఏత్తాడు గదా. ఆయన తప్పేటి?"

"నాకు తెలిసి వేయిస్తాను కదా. నా తప్పు కాదూ?"

వాసు మెల్లగా, "నీకు సెప్పిన రోజు నువ్వు నవ్వేవక్కా" అన్నాడు.

నిందించినట్టు అనలేదు. ఉన్నమాట అన్నాడు. అందుకే అది సూటిగా గుచ్చుకుంది.

బోటు దించడానికి కొద్ది రోజుల ముందు మాట అది. మద్దిలపాలెం బస్సు డిపో బయట చెరుకురసం తాగుతూ చెప్పాడు. అక్కా, నాకు నేవీలో ఉద్యోగం లేదు, నేను ప్లేట్లు అందిస్తాను, అని మొదలుపెట్టాడు. మొదటి మాటకి ఆమె గుండె ఆగింది. కానీ వాడు ఊరుకోలేదు. గేటు దగ్గర గార్డు సెల్యూట్ కొట్టిన సంగతి చెప్పాడు. ఒక పెద్దాయన తన కూతుర్ని చూపించి, ఏ ఊళ్ళో పోస్టింగు బాబూ అంటే, 'అది సీక్రెట్ అండీ' అన్న సంగతి చెప్పాడు. ఆ గొంతు, ఆ గడ్డం ఎత్తడం, ఆ ఇంగ్లీషు. అనూరాధకి నవ్వాగలేదు. చెరుకురసం కొంగు మీద ఒలికింది. చెంప మీద కొట్టాల్సిన అక్క, 'ఆ తర్వాత ఏమైందిరా?' అని అడిగింది. ఒకసారి కాదు. వాడు ఆగినప్పుడల్లా అడిగింది. బస్సెక్కేముందు మాత్రం పెద్దమనిషిలా, 'ఇంక మానెయ్' అని మాట తీసుకుంది. అది కూడా పత్రిక చివర రాసే నీతివాక్యం లాంటిదే.

తర్వాత ఒడ్డున వాడి చేతిలో కొబ్బరికాయ చూసింది. మొగుడి మొహం వెలిగిపోవడం చూసింది. ఫొటో కోసం పమిట సర్దుకుని పక్కన నిలబడింది.

"నేను నవ్వకుండా ఉండాల్సిందిరా" అంది.

"నువ్వు నవ్వితే నాకు... ఇది తప్పు కాదు, తమాసా అనిపించిందక్కా. ఇంకో నాలుగు నెల్లు ఏసుకుని తిరిగీసేను." వాసు కళ్ళు తుడుచుకుని అన్నాడు, "ఆ వారపత్రికోళ్ళు స్టేషన్ కాడికొచ్చేరు. నా కత రాత్తారంట. ఫొటో కూడా అడిగేరు."

"ఏం చెప్పావు?"

"ఏటీ సెప్పనేదు." మళ్ళీ వాడే, "బాగా రాత్తారా ఆళ్ళు?" అన్నాడు.

అనూరాధ తమ్ముడి మొహంలోకి చూసింది. ఆ మొహంలో సిగ్గు నిజంగానే ఉంది. దాని పక్కనే, పత్రికలో పడతానన్న చిన్న ఆశ కూడా ఉంది. వాడిని అసహ్యించుకుందామనుకుంది, చేతకాలేదు. ఆ పత్రిక కోసం ప్రతి శుక్రవారం పొద్దున్నే షాపు దగ్గర నిలబడింది తనే కదా.

*

పోర్టులో క్రేన్ల వెనక ఎండ పసుపుపచ్చగా మారుతోంది. పేట పేటంతా ఒడ్డుకొచ్చింది. వేరే పనుల మీద వచ్చినట్టు కొందరు వలలు దులుపుతున్నారు, కొందరు చంటిపిల్లల్ని ఎత్తుకుని పచార్లు చేస్తున్నారు. కళ్ళన్నీ మాత్రం ఒకేచోట ఉన్నాయి.

బోటుని సగం నీళ్ళలోకి తోశారు. అల వచ్చినప్పుడల్లా అది పక్కకి ఒరుగుతుంటే కామరాజూ, మిగతా ఇద్దరు కళాసులూ రెండువైపులా పట్టుకుని నిలబెడుతున్నారు. దాలయ్య తువ్వాలు నడుముకి కట్టుకుని, కొబ్బరికాయ చేత పట్టుకుని పొడి ఇసకలో నిలబడ్డాడు. గురువమ్మ పసుపునీళ్ళ చెంబుతో కొంచెం దూరంలో ఉంది.

"ఏరా అల్లుడూ, తెల్సుగదా ఏటి అనాలో?" అన్నాడు దాలయ్య.

"తెల్సు మావయ్యా."

"నాకు నీ మీద కోపం నేదు. ఆ రోజు కాయ లాక్కున్నావని బాధడ్డాను. ఈయాల అది కూడా ఒగ్గేసేను. ఉన్న మాట సెప్పీ, బోటు తోసుకుపో."

సూరన్న మోకాలి లోతు నీళ్ళలోకి దిగాడు. దోసెడు నీళ్ళు తల మీద పోసుకున్నాడు. తడి చెయ్యి బోటు ముక్కు మీద పెట్టాడు.

"అమ్మా గంగమ్మా! నాను, సూరన్నని. ఆడు దొంగని మా ఇంట్లో..."

"ఆగు మావా!"

అనూరాధ చీర కుచ్చిళ్ళు తడుస్తుండగా నీళ్ళలోకి వచ్చేసింది. ఎవరి మొహమూ చూడకుండా, బోటు వైపే చూస్తూ, గొంతు ఎంత వస్తే అంత గట్టిగా చెప్పింది. "నాకు తెలుసు. బోటు దించక ముందే తెలుసు. వాడు నాకు చెప్పాడు. నేను దాచాను. మావకి తెలీదు, అత్తకి తెలీదు. తప్పు నాది ఒక్కదానిదే."

గురువమ్మ చేతిలో చెంబు వంగి పసుపునీళ్ళు ఇసకలోకి కారిపోతున్నాయి, ఆవిడ చూసుకోలేదు.

అనూరాధ మొగుడి వైపు తిరిగింది. కొడతాడనుకుంది. తిడతాడనుకుంది. అతని మొహంలో అవేవీ లేవు. ఆశ్చర్యం కూడా లేదు. అలిసిపోయిన మొహం, అంతే.

"ఎందుకు సెప్పేవే?" అన్నాడు, ఆమెకి మాత్రం వినబడేలా. "నీ తమ్ముడు స్టేషన్లోనే నాకంతా సెప్పేసేడు. నీకు సెప్పొద్దని ఆడికి నానే సెప్పేను. నీ పేరు బయటికి రాకుండా నాను మోసీద్దునుగా. ఒక్క మాటతో అయిపోయీది."

మొగుడు తెలియక తప్పుడు ఒట్టు వేస్తాడని పరుగెత్తుకొచ్చింది. అతను తెలిసే వేస్తున్నాడు. రేపు ఆ నీళ్ళ మీదికే వెళ్ళాల్సిన మనిషి, ఆమె కోసం ఆ నీళ్ళ ముందు అబద్ధానికి సిద్ధపడ్డాడు. ఇన్నాళ్ళ సిగ్గు ఒక ఎత్తు, ఈ సిగ్గు ఒక ఎత్తు.

అతను మెల్లగానే అన్నాడు. కానీ బోటుకి అవతల పక్క కామరాజు ఉన్నాడు.

"ఏటన్నావు సూరన్న బావా?" కామరాజు గొంతు వణికింది. "నీకూ తెల్సా? తెల్సే సెయ్యేసేవా?"

"ఏట్రా? ఏటంటన్నాడు?" దాలయ్య రెండడుగులు ముందుకేశాడు. "గట్టిగా సెప్పరా అల్లుడూ. అందరికీ ఇనబడాల."

సూరన్న తల దించుకున్నాడు.

దాలయ్య కొబ్బరికాయని తువ్వాల్లో చుట్టేసుకున్నాడు. ఆ ముసలాయన కళ్ళలో గెలుపు లేదు, నీళ్ళు ఉన్నాయి.

ముందు కామరాజు బోటు మీంచి చెయ్యి తీసేశాడు. తర్వాత మిగతా ఇద్దరూ తీసేశారు. ముగ్గురూ నీళ్ళలోంచి బయటికి నడిచారు. అల వచ్చింది. బోటు సూరన్న వైపే ఒరిగింది. అతను భుజం ఆనించి, పళ్ళు బిగబట్టి ఒక్కడే ఆపుతున్నాడు.

అనూరాధ పరుగున వెళ్ళి రెండో పక్క పట్టుకోబోయింది.

"ముట్టుకోకు" అన్నాడు సూరన్న, ఆమె వైపు తిరగకుండానే.